ఏడు రకాల వదలడం

ఇంగ్లీషులో మాటలు పెంచుకోవాలంటే పిల్లలకి మనం చెప్పేది ఒకటే. పదం పక్కన అర్థం రాసుకో, బట్టీ పట్టు. అబాండన్ అంటే వదిలేయడం. డెజర్ట్ అంటే వదిలేయడం. ఫర్‌సేక్ అన్నా వదిలేయడమే. నోటుబుక్కు నిండిపోతుంది, తీరా వాక్యం రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. మూడింటికీ ఒకటే అర్థం రాసుకున్నాక ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

ఈ చిక్కు గురించి 1794లో లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది, రెండు సంపుటాలు. పేరు బ్రిటిష్ సినానిమీ. రాసినావిడ హెస్టర్ పియోజీ. పన్నెండు మంది పిల్లల్ని కని, నలుగురు ఆడపిల్లల్ని మాత్రమే దక్కించుకున్న తల్లి.

ఆవిడ 1741లో వేల్స్‌లో పుట్టింది. మొదటి భర్త హెన్రీ థ్రేల్‌కి లండన్ దగ్గర సదర్క్‌లో పెద్ద బీరు తయారీ వ్యాపారం. అది 1772లో మునిగిపోయే స్థితికి వస్తే, అప్పులు పుట్టించి నిలబెట్టినవాళ్ళలో ఈవిడా ఉంది. ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ 1765 నుంచి వాళ్ళింటికి వచ్చి పోతూ, క్రమంగా ఇంట్లో మనిషే అయిపోయాడు. ఆయనకంటూ ఒక గది, వేళకి టీ, అర్ధరాత్రి దాకా కబుర్లు. ఆ కబుర్లకి ఎదురుగా కూర్చుని, నిద్ర ఆపుకుని టీ పోసింది ఎవరో వేరే చెప్పాలా! జాన్సన్ గొప్పతనం గురించి చెప్పేవాళ్ళు ఆ టీ సంగతి కాస్త తొందరగా దాటేస్తారని నాకనిపిస్తుంది.

1781లో భర్త పోయాడు. మూడేళ్ళకి ఆవిడ తన కూతుళ్ళకి సంగీతం నేర్పిన గాబ్రియేల్ పియోజీని పెళ్ళి చేసుకుంది. ఇటలీవాడు, కేథలిక్కు, జీతానికి పాఠాలు చెప్పేవాడు. పత్రికలు ఎగతాళి చేశాయి. పెద్దకూతురు ఒప్పుకోలేదు. జాన్సన్ మొదట చాలా కటువైన ఉత్తరం రాసి, తర్వాత కొంచెం మెత్తబడ్డాడు గానీ స్నేహం మాత్రం అక్కడితో అయిపోయింది. ఆ ఏడు డిసెంబరులో ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఆవిడ పుస్తకం మొదటి పేజీకి వద్దాం. అక్కడ ఏడు క్రియలు వరసగా ఉంటాయి: అబాండన్, ఫర్‌సేక్, రెలింక్విష్, గివ్ అప్, డెజర్ట్, క్విట్, లీవ్. అందరూ వదిలేసిన మనిషి పుస్తకం వదిలేయడంతో మొదలవడం చూసి నాకు ఒళ్ళు ఝల్లుమంది. అక్షర క్రమంలో ఆ మాట ముందొస్తుంది కాబట్టి వచ్చింది, అంతేననుకోండి. అయినా సరే.

ఆవిడ ఆ ఏడింటికీ విడివిడిగా నిర్వచనాలు ఇచ్చి ఊరుకోలేదు. ఒక మగవాడిని తీసుకుని, అతను ఏమేమి వదులుకుంటాడో చెబుతూ పోయింది. ప్రేమించిన మనిషికి ఫర్‌సేక్, మిగిలిన ఆశకి అబాండన్, తన పార్టీకి డెజర్ట్. రెలింక్విష్ అయ్యేది తనకుందనుకున్న హక్కు. మామూలు లీవ్ తల్లిదండ్రుల దగ్గర వాడింది. అన్నిటికన్నా సాదా మాట అన్నిటికన్నా బరువైన చోట పెట్టిందన్నమాట. ఇలాంటి తేడాలు పుస్తకాలకన్నా మాటల్లో తొందరగా పట్టుబడతాయని ఆవిడ నమ్మకం. ఇంగ్లీషు నేర్చుకునే పరదేశీయులు నలుగురిలో మాట్లాడేటప్పుడు తప్పు మాట ఎత్తుకోకుండా ఉండాలని రాసింది. ఇంట్లో భర్తే పరదేశీయుడు మరి.

ఇన్ని మాటలు ఎక్కడివంటే, ఫర్‌సేక్, లీవ్, గివ్ అప్ పాత ఇంగ్లీషు సొంత సొత్తు. మిగిలినవి 1066లో నార్మన్లు వచ్చాక ఫ్రెంచి నుంచీ, దాని వెనక లాటిన్ నుంచీ చేరినవి. మనకి తెలుగు మాట పక్కన సంస్కృతం మాట కూర్చున్నట్టే. వదిలేయడం ఇంటి మాట, త్యజించడం పురాణం చెప్పేచోటి మాట. చెప్పులు గుమ్మం బయట త్యజించమని ఎవరమూ అనం కదా. కూరగాయలబ్బాయి మీద కోప్పడతాం గానీ అలగం. అలగడానికి మనవాళ్ళయి ఉండాలి, బతిమాలతారన్న నమ్మకం ఉండాలి. ఈ సంగతి మనకి ఎవరూ పాఠం చెప్పలేదు. మన అమరకోశం కూడా పేర్లన్నీ ఒకచోట చేర్చి ఇస్తుందే గానీ, ఏది ఎక్కడన్నది వినేవాడికి వదిలేస్తుంది.

ఇంగ్లీషులో ఈ దారిలో పియోజీ కన్నా ముందు, 1766లో, జాన్ ట్రస్లర్ అనే ఆయన పుస్తకం వచ్చింది. అది చాలావరకు ఫ్రెంచివాడైన గిరార్ పద్ధతిని పట్టుకుని నడిచింది. పియోజీది సొంత నడక. కథలు, పిట్టకథలు, తగాదాలు అన్నీ కలిపేసింది. ఆ తర్వాత మగవాళ్ళ పుస్తకాలు వరసకట్టాయి. 1816లో జార్జ్ క్రాబ్ పుస్తకం, 1852లో పీటర్ మార్క్ రోజే థెసారస్. రోజే డాక్టరు, అప్పటికి డెబ్బై దాటినవాడు. పదాల్ని భావాల కింద వెయ్యి గదులుగా సర్దాడు. తేడాలు మాత్రం చెప్పలేదు. ఏ మాట కావాలో ఏరుకునే తెలివి చదివేవాడికి ముందే ఉండాలి. అందుకే పిల్లలకి థెసారస్ ఒక్కటే ఇచ్చి వదలకూడదంటాను. పెద్ద మాట దొరికింది కదా అని తెచ్చి అతికిస్తారు. మన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది కూడా ఆ 1852లోనే.

రోజే కన్నా సరిగ్గా ఏడాది ముందు ఇంకో చిన్న పుస్తకం వచ్చింది, ఎ సెలెక్షన్ ఆఫ్ ఇంగ్లీష్ సినానిమ్స్ అని. దగ్గరి మాటల మధ్య తేడాని జుట్టుపాయలు విడదీసినట్టు విడదీసి చెబుతుంది. రాసింది ఎలిజబెత్ జేన్ వేట్లీ. తండ్రి రిచర్డ్ వేట్లీ డబ్లిన్ ఆర్చ్‌బిషప్, పేరున్న తర్కశాస్త్ర రచయిత. ఆయన దాన్ని దిద్ది బయటికి తెచ్చాడు. ఇప్పటికీ చాలా గ్రంథాలయాల జాబితాల్లో ఆ పుస్తకం తండ్రి పేరు కిందే ఉంటుంది.