బిషప్ ఎడ్వర్డ్ కింగ్ చాపెల్, కడ్స్‌డన్

బిషప్ ఎడ్వర్డ్ కింగ్ చాపెల్ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరానికి సమీపంలో, కడ్స్‌డన్ గ్రామంలో ఉన్న రిపన్ కాలేజ్ కడ్స్‌డన్ అనే ఆంగ్లికన్ వేదాంత కళాశాలకు చెందిన ప్రార్థనాలయం. నైల్ మెక్‌లాఫ్లిన్ ఆర్కిటెక్ట్స్ సంస్థ రూపకల్పన చేసిన ఈ కట్టడం 2013లో ప్రతిష్ఠితమైంది. క్రైస్తవ గురువులయ్యేందుకు అభ్యర్థులను సిద్ధం చేసే కళాశాల, దాని ఆవరణలోనే నివాసం ఏర్పరచుకున్న సిస్టర్ల సంఘం కలిసి దీనిని నిర్మించుకున్నందువల్ల, వేదాంత కళాశాలలకు కొత్త చాపెల్ నిర్మాణంలో మద్దతు ఎలా సమకూరుతుందో తెలిపే చక్కని ఉదాహరణగా ఇది నిలిచింది.

కళాశాల స్థాపన

19వ శతాబ్దం నడుమ వరకు ఇంగ్లండ్ సంఘంలో గురువు కాదలచినవారికి విశ్వవిద్యాలయ పట్టా చాలుననే అభిప్రాయం బలంగా ఉండేది. ప్రార్థన, బోధ, సంఘకాపరి పని అనే మూడింటిలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే సంస్థలు అరుదు. ఈ లోటు తీర్చడానికి ఆక్స్‌ఫర్డ్ బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ 1854లో తన నివాస భవనానికి ఎదురుగా కడ్స్‌డన్ కళాశాలను ప్రారంభించారు. ఆయన బానిస వ్యాపార నిర్మూలనకు పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ కుమారుడు. భవనాలకు గోథిక్ శైలిలో ప్రసిద్ధుడైన జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ రూపకల్పన చేశారు. విద్యార్థులు ఒకే కప్పు కింద నివసిస్తూ, నియమిత వేళల్లో చాపెల్‌లో కూడి ప్రార్థిస్తూ చదువుకోవడం ఈ కళాశాల పద్ధతి కాబట్టి, అక్కడి జీవనానికి చాపెల్ మొదటినుంచీ కేంద్రంగా ఉంది.

చాపెల్‌పై తొలి వివాదం

కళాశాలకు ప్రజల మద్దతు మొదట సందిగ్ధంలో పడింది కూడా చాపెల్ కారణంగానే. ఇంగ్లండ్ సంఘంలో పూర్వకాలపు ఆరాధనా క్రమాలను, సంస్కారాల గౌరవాన్ని పునరుద్ధరించాలని కోరిన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం ప్రభావం కడ్స్‌డన్‌పై స్పష్టంగా ఉండేది. బలిపీఠం అలంకరణ, ఆరాధన తీరు రోమన్ కథోలిక పద్ధతిని తలపిస్తున్నాయన్న విమర్శ 1858లో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో వెలువడగా, చార్లెస్ గోలైట్లీ అనే గురువు దానిని ఆక్స్‌ఫర్డ్ బిషప్ పరిధి అయిన అధ్యక్ష ఖండంలోని గురువులందరి దృష్టికి తీసుకువెళ్లారు. విల్బర్‌ఫోర్స్ విచారణ జరిపించవలసి వచ్చింది. కళాశాల వైస్ ప్రిన్సిపల్ హెన్రీ లిడన్ 1859లో పదవి వదిలారు. చందాలతో, అధ్యక్ష ఖండం సద్భావంతో నడిచే సంస్థకు చాపెల్‌లో జరిగే ఆరాధన ఎంత సున్నితమైన విషయమో ఈ ఘటన తెలిపింది.

ఎడ్వర్డ్ కింగ్

ఆ సందేహాలను క్రమంగా తొలగించినవారిలో ముఖ్యులు ఎడ్వర్డ్ కింగ్ (1829–1910). 1858లో చాప్లిన్‌గా, అంటే కళాశాల ఆరాధనను నడిపే గురువుగా చేరిన ఆయన 1863 నుంచి 1873 వరకు ప్రిన్సిపల్‌గా ఉండి, విద్యార్థుల పట్ల చూపిన ఆప్యాయతతో, నిరాడంబరమైన భక్తితో కళాశాలకు మంచి పేరు తెచ్చారు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో సంఘకాపరి శాస్త్రం బోధించి, 1885లో లింకన్ బిషప్ అయ్యారు. ప్రభురాత్రి భోజన సంస్కారంలో బలిపీఠంపై కొవ్వొత్తులు వెలిగించడం, ద్రాక్షారసంలో నీరు కలపడం వంటి క్రియల కారణంగా ఆయనపై అభియోగం దాఖలైంది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎడ్వర్డ్ బెన్సన్ 1890లో ఇచ్చిన తీర్పు చాలావరకు ఆయనకు అనుకూలంగా వచ్చింది. కొత్త చాపెల్‌కు ఆయన పేరు పెట్టడంలో ఈ సుదీర్ఘ వారసత్వం పట్ల కృతజ్ఞత కనిపిస్తుంది.

కొత్త చాపెల్ అవసరం

1975లో కడ్స్‌డన్ కళాశాల, ఉదారవాద వేదాంతానికి పేరుపొందిన రిపన్ హాల్ అనే మరో వేదాంత కళాశాలతో విలీనమై నేటి పేరు పొందింది. తదనంతరం ఉద్యోగాలు చేసుకుంటూ శిక్షణ పొందేవారి కార్యక్రమం కూడా కళాశాలలో చేరింది. 19వ శతాబ్దంలో కొద్దిమంది విద్యార్థుల కోసం కట్టిన చాపెల్ పెరిగిన సమూహానికి ఇరుకైపోయింది. వేదాంత కళాశాలలకు వచ్చే బోధనా రుసుము నిత్య ఖర్చులకే సరిపోతుంది కాబట్టి, ఇటువంటి నిర్మాణాలకు దాతల కానుకలే ఆధారం.

ఆ ఆధారం సెయింట్ జాన్ బాప్టిస్ట్ సంఘం రూపంలో లభించింది. 1852లో విండ్సర్ సమీపంలోని క్లూయర్‌లో గురువు థామస్ థెల్లుసన్ కార్టర్ ప్రేరణతో, హారియెట్ మన్సెల్ నాయకత్వంలో ఏర్పడిన ఈ ఆంగ్లికన్ సిస్టర్ల సంఘం దిక్కులేని స్త్రీల పునరావాసంతో సేవ ఆరంభించి, 1880లలో కలకత్తా ఆసుపత్రులలో రోగుల పరిచర్యకు కూడా తన సభ్యులను పంపింది. కాలక్రమంలో సభ్యుల సంఖ్య తగ్గి, పెద్ద భవనాల పోషణ భారమైనప్పుడు, సిస్టర్లు కళాశాల ఆవరణకు తరలివచ్చి విద్యార్థులతో కలిసి నిత్యప్రార్థన కొనసాగించాలని నిశ్చయించుకున్నారు. వారి ఉదారమైన కానుక చాపెల్ నిర్మాణాన్ని సాధ్యం చేసింది. అక్కడి వారి నివాసానికి హారియెట్ మన్సెల్ పేరే పెట్టారు.

రూపకల్పన, నిర్మాణం

2009లో జరిగిన రూపకల్పన పోటీలో నైల్ మెక్‌లాఫ్లిన్ సంస్థ ఎంపికైంది. సుమారు 20 లక్షల పౌండ్లతో నిర్మించిన ఈ చాపెల్ దీర్ఘవృత్తాకారంలో ఉంటుంది. వెలుపలి రాతిగోడ పైభాగాన్ని, రాళ్ల అంచులు ముందుకు పొడుచుకువచ్చేలా గరుకుగా పేర్చారు. లోపల పలుచని చెక్క పలకలను జిగురుతో అంటించి చేసిన స్తంభాలు పైకి సాగి, కప్పు కింద కొమ్మలవలె అల్లుకుంటాయి. గోడల పైన వరుసగా ఉన్న కిటికీలు వెలుగును నింపుతాయి. ఒక కొసన బలిపీఠం, మరొక కొసన వాక్యపఠన పీఠం ఉండగా, వాటి నడుమ ఆరాధకులు ఇరువైపులా ఎదురెదురుగా కూర్చుని కీర్తనలను ఒక వైపువారి తరువాత మరొక వైపువారు పఠిస్తారు. సిస్టర్ల మఠ సంప్రదాయానికీ, విద్యార్థుల సామూహిక ప్రార్థనకూ ఈ అమరిక ఒకేవిధంగా సరిపోతుంది.

ప్రాముఖ్యం

ఈ కట్టడం 2013లో బ్రిటన్‌లోని ప్రధాన వాస్తు పురస్కారమైన స్టిర్లింగ్ బహుమతి తుది జాబితాలో చోటు పొందింది. అయితే దాని విలువ వాస్తుకళకు పరిమితం కాదు. 1858లో చాపెల్ ఆరాధనను అనుమానించినవారు కళాశాలకు దూరమైతే, 2013 నాటికి ఆ ఆరాధనలో పాలుపంచుకోగోరినవారే నిర్మాణానికి దాతలయ్యారు. కాబట్టి కొత్త చాపెల్ కోసం మద్దతు కోరే ఏ వేదాంత కళాశాల అయినా ముందుగా తెలియజేయవలసింది అందులో ఎవరు కూడుకుంటారో, వారి ప్రార్థన ఏ క్రమంలో సాగుతుందో. ఖర్చు లెక్క ఆ తరువాతిది.