అడీనియా: ఒక విషపు దుంప చరిత్ర

కృష్ణకమలం తీగను పాఠకులు తోటలలో చూచే ఉంటారు. రేకుల నడుమ వలయంగా అమరిన నీలి తంతువులే దాని అందమంతా. ఆ తీగ చేరిన కుటుంబాన్ని వృక్షశాస్త్రజ్ఞులు పాసిఫ్లోరేసీ అంటారు. ఆ కుటుంబంలోనే, పువ్వు వల్ల కాక నేలలో దాగిన దుంప వల్ల పేరు పొందిన మొక్క ఒకటి ఉన్నది. అది అడీనియా డిజిటాటా. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, జింబాబ్వే, మొజాంబిక్ దేశాలలో ఇది అడవిమొక్కగా పెరుగుతుంది. దీని దుంపను తినదగిన దుంప అని పొరబడి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. కనుక ఈ మొక్క లక్షణాలను సరిగా గుర్తించడం పండితులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

మొక్క స్వరూపం

ఇది బహువార్షికం. అయితే ఏళ్ల తరబడి బ్రతికేది దుంప మాత్రమే. కాండాలు ఏటేటా దాని నుండి మొలిచి, వానలు లేని కాలంలో వాడిపోతాయి. అవి సన్నగా పెరిగి, నులితీగలతో పక్క మొక్కలను పట్టుకొని ప్రాకుతాయి. ఆకు చేతివేళ్లవలె చీలి ఉంటుంది. డిజిటాటా అన్న లాటిన్ మాటకు వేళ్లు కలది అనే అర్థం. కాని ఈ వేళ్లు అన్ని మొక్కలలోను ఒకే తీరుగా ఉండవు. ఒకదానిలో వెడల్పుగా ఉంటే, మరొకదానిలో సన్నని పట్టీలవలె ఉంటాయి. తొడిమ ఆకును కలిసే చోట చిన్న గ్రంథులు కనిపిస్తాయి. మగపువ్వులు ఒక మొక్కపైన, ఆడపువ్వులు మరొక మొక్కపైన పూస్తాయి. పువ్వులు చిన్నవి, వెలవెలబోయిన రంగువి. కృష్ణకమలంలోని తంతువుల వైభవం వీటికి లేదు. కాయ పండినప్పుడు మూడు చెక్కలుగా పగులుతుంది. గింజలను కండగల పొర కప్పి ఉంటుంది.

పేరు వెనుక కథ

అడీనియా అనగానే గ్రంథి అనే అర్థమిచ్చే గ్రీకు మాట కొందరికి స్ఫురిస్తుంది. నిజానికి ఈ పేరు అరబ్బుల నోటి నుండి వచ్చింది. 1761లో డెన్మార్క్ రాజు అరేబియాకు ఒక పరిశోధక బృందాన్ని పంపాడు. లినేయస్ శిష్యుడైన పీటర్ ఫోర్స్కోల్ అందులో వృక్షశాస్త్రజ్ఞుడు. యెమెన్ కొండలలో మొక్కలు సేకరిస్తూ, అక్కడివారు ‘అదెన్’ అని పిలిచే మొక్క ఒకదానిని అతడు వర్ణించాడు. దానికి అడీనియా వెనెనాటా, అనగా విషపు అడీనియా, అని పేరు పెట్టాడు. 1763 జులైలో యెమెన్‌లోని యరీమ్ పట్టణంలో జ్వరంతో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 31 సంవత్సరాలు. బృందంలోని పండితులలో ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు కార్స్టెన్ నీబూర్ ఒక్కడే. మిత్రుని వ్రాతలను అతడు 1775లో అచ్చు వేయించాడు.

ఈ ప్రజాతికి ఇంకొక పేరు మన దక్షిణదేశం నుండి వెళ్లింది. డచ్చి అధికారి వాన్ రీడ్ 1678 నుండి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువరించిన హోర్టుస్ మలబారికుస్‌లో మలబారు తీగలు కొన్ని ‘మొడెక్కా’ అనే స్థానిక నామంతో ఉన్నాయి. తరువాత లామార్క్ ఆ మాటనే ప్రజాతి నామంగా స్వీకరించాడు. 19వ శతాబ్ది మధ్యలో ఐరిష్ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం హార్వీ ఆఫ్రికా మొక్కను వర్ణించినప్పుడు మొడెక్కా డిజిటాటా అన్నాడు. ముందు పెట్టిన పేరుకే చెల్లుబాటు అన్నది శాస్త్రనియమం. అందువల్ల జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎంగ్లర్ దీనిని అడీనియాలో చేర్చాడు.

చిక్కు అంతటితో తీరలేదు. హెర్బేరియంలో కాగితాల మధ్య ఆకు, పువ్వు ఒదుగుతాయి గాని దుంప ఒదగదు. ఆకు చూస్తే మొక్కమొక్కకూ వేరు. అందువల్ల ఒకే జాతికి అనేక నామాలు ఏర్పడ్డాయి. హాలండ్‌కు చెందిన డి వైల్డ్ 1971లో ప్రకటించిన గ్రంథంలో ప్రజాతినంతటినీ పరిశీలించి, వాటిని ఒక్కచోటికి చేర్చాడు.

దుంపలోని విషం

1923లో దక్షిణాఫ్రికా పశువైద్య పరిశోధకులు గ్రీన్, ఆండ్రూస్ ఈ మొక్క విషగుణాన్ని గురించి నివేదిక ప్రకటించారు. ఇందులో రెండు రకాల విషాలున్నాయి. ఒకటి హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని విడుదల చేసే పదార్థం. రెండవది ఒక మాంసకృత్తు; దాని పేరు మొడెక్సిన్. మొక్క నామం నుండి తొలగిన మలబారు మాట ఈ విధంగా విషం పేరులో నిలిచిపోయింది.

1970ల చివర నార్వే, ఇటలీ దేశాల శాస్త్రజ్ఞులు మొడెక్సిన్‌ను శుద్ధి చేసి పరిశీలించారు. అందులో రెండు గొలుసులున్నాయి. ఒకటి జీవకణం పైపొరలోని చక్కెర అణువులను పట్టుకొంటుంది. రెండవది లోనికి చొరబడి, మాంసకృత్తులను తయారుచేసే రైబోసోములను పాడుచేస్తుంది. ఎట్లా పాడుచేస్తుందో 1987లో జపాను శాస్త్రజ్ఞుడు ఎండో బృందం తేల్చింది: రైబోసోములోని ఆర్‌.ఎన్‌.ఏ. నుండి ఒకే ఒక అడినీన్ భాగాన్ని అది ఊడదీస్తుంది. అంతటితో రైబోసోము పనికిరాకుండా పోతుంది. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మన ఆముదపు గింజలోని రిసిన్, గురివింద గింజలోని ఆబ్రిన్ చేసే పని ఇదే. విషం కణంలోనికి ఏ దారిన ప్రవేశిస్తుందో తెలిసికొనడానికి మొడెక్సిన్ నేడు పరిశోధకులకు సాధనమయింది.

ఫోర్స్కోల్ పేరులోనే హెచ్చరిక పెట్టాడు. కాని పుస్తకంలోని పేరు దుంప తవ్వుకొనేవానికి అందదు. వానలు లేని కాలంలో ఆకు రాలిపోతుంది, కాండం మాయమవుతుంది. మిగిలేది మట్టిలోని దుంప ఒక్కటే. ఆకు ఉన్నప్పుడు తీగను గుర్తుపెట్టుకొన్నవానికే ఆ దుంప సంగతి తెలుస్తుంది. తెలియని దుంపను తినకపోవడమే మిగిలినవారికి రక్ష.