ఎండను వెతుక్కునే ప్రాణి: ఊసరవెల్లి, రికెట్స్, రియాద్

తెలుగులో ఊసరవెల్లి పేరెత్తగానే గుర్తుకొచ్చేది రంగు. పూటకో పక్షం చేరేవాణ్ణీ, మాట మీద నిలబడనివాణ్ణీ ఆ ప్రాణితో పోలుస్తాం. అరబ్బీలో కూడా ఈ నింద ఉంది. కాని పాత అరబ్బీ సాహిత్యం దానిలో ఇంకో రెండు గుణాలను గమనించింది. ఒకటి, అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వైపే తిరుగుతూ ఉంటుంది. రెండు, ఒక కొమ్మ చేతికి చిక్కితేగాని పట్టుకున్న కొమ్మను వదలదు.

ఈ రెండు గుణాల మధ్య ఒక సంబంధం ఉంది. మొదటిదానికి అడ్డు తగిలితే రెండోది నశిస్తుంది. ఎండ తగలని ఊసరవెల్లికి ఎముకలు మెత్తబడతాయి, పట్టు సడలుతుంది, చివరికి కొమ్మ మీది నుంచి జారి పడుతుంది. మనుషుల పిల్లల్లో రికెట్స్ అనీ, దొడ్డికాళ్ళ జబ్బనీ మనం పిలిచేదానికి ఇది దగ్గరి చుట్టం. ఎండకూ ఎముకకూ ఉన్న ఈ ముడిని వైద్యశాస్త్రం విప్పింది గత నూరేళ్ళలోనే. ఆ చరిత్రలో జంతువుల పాత్ర చిన్నదేమీ కాదు. ఎండకు కొదవలేని రియాద్ నగరానికి కూడా అందులో ఒక చోటుంది.

హిర్బా

అరబ్బీలో ఊసరవెల్లిని హిర్బా అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బస్రా నగరానికి చెందిన అల్-జాహిజ్ తన ఏడు సంపుటాల ‘కితాబ్ అల్-హయవాన్’లో, అంటే జంతువుల గ్రంథంలో, హిర్బా సూర్యుడి వెంట తిరిగే తీరును ప్రస్తావించాడు. పద్నాలుగో శతాబ్దంలో కైరోకు చెందిన అల్-దమీరీ తన జంతుకోశం ‘హయాత్ అల్-హయవాన్’లో హిర్బాకు ప్రత్యేకంగా ఒక పద్దు కేటాయించాడు. ముందుచూపుతో మెలిగేవాణ్ణి హిర్బా కంటే జాగ్రత్తపరుడనే సామెత దాని కొమ్మపట్టు నుంచే పుట్టింది.

వీరికంటే ముందే, ఎనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో, ధూ అల్-రుమ్మా అనే కవి మిట్టమధ్యాహ్నపు ఎడారిలో ఎండకు ఎదురు నిలిచిన హిర్బాను మళ్ళీ మళ్ళీ వర్ణించాడు. ఆయన తిరిగింది యమామా, దహ్నా ఇసుక ప్రాంతాలలో. యమామాకు ముఖ్యపట్టణమైన హజ్ర్ ఉన్న చోటే నేటి రియాద్ విస్తరించింది. అంటే ఎండ వెంట తిరిగే ఆ ప్రాణి చిత్రం ఈ నగరపు నేలకు కొత్తది కాదు.

అయితే ఒక చిక్కుంది. ప్రాణిశాస్త్రం నేడు ఊసరవెల్లి అని పిలిచే జంతువు ఈ ఎండు పీఠభూమిది కాదు. సౌదీలో దాని నివాసం ప్రధానంగా నైరుతి మూలన, యెమెన్‌కు ఆనుకొని ఉన్న అసీర్ కొండలు. నజ్ద్ కవులు ఎండలో చూసింది బహుశా తొండ జాతికి చెందిన బల్లి అయి ఉండవచ్చు. అదీ రంగు మారుస్తుంది, అదీ ఎండ కాస్తుంది. తొండకూ ఊసరవెల్లికీ మధ్య మన పల్లెల్లో ఉన్న గందరగోళమే ఇక్కడా ఉంది. పేరు ఏ ప్రాణిదైనా, చూసిన చూపు సరైనదే.

మందుగా మారిన ప్రాణి

ప్రాచీన గ్రీకు, రోమన్ గ్రంథాలలో ఊసరవెల్లి కనిపించేది రోగిగా కాదు. అరిస్టాటిల్ తన జంతుచరిత్ర రెండో భాగంలో దాని ఆకారాన్ని శ్రద్ధగా వర్ణించాడు. కోసి చూసిన తర్వాత కూడా అది చాలాసేపు ఊపిరి తీస్తూనే ఉంటుందని రాశాడు. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ అది తినదనీ, తాగదనీ, గాలి మేసి బతుకుతుందనీ చెప్పాడు. దాని అవయవాలతో చేసే మందులు, మాయల జాబితాను డెమోక్రిటస్ పేరిట చలామణీ అయిన గ్రంథం నుంచి ఎత్తి రాస్తూ, వాటిని వెక్కిరించాడు కూడా. మొత్తం మీద ఊసరవెల్లి మనిషికి మందు. దానికి జబ్బు చేస్తే మందు వేయాలన్న ఆలోచన ఆ పుటల్లో కనిపించదు.

దాని మీద జాలి చూపిన కథ మన దగ్గర ఉంది. భాగవత దశమ స్కంధంలోని నృగోపాఖ్యానంలో, ఆటలాడి దప్పికగొన్న యాదవ బాలురు నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, ఒక పాడుబావిలో కొండంత కృకలాసాన్ని చూస్తారు. కృకలాసాన్ని తెలుగువాళ్ళు ఊసరవెల్లిగానే చెప్పుకుంటూ వచ్చారు. దాన్ని చూసిన పిల్లలకు భయం కాదు, జాలి కలుగుతుంది. తాళ్ళు కట్టి పైకి లాగబోతారు. చేతకాక కృష్ణుణ్ణి పిలుస్తారు. ఆయన ఎడమ చేత్తో ఎత్తగానే అది నృగమహారాజుగా మారుతుంది. ఒకరికి దానమిచ్చిన ఆవు తప్పి తిరిగి మందలో కలిస్తే, తెలియక దాన్నే మరొకరికి దానమిచ్చిన ఫలితంగా వచ్చిన జన్మ అది. పౌరాణికులు దానధర్మాల సూక్ష్మం దగ్గర ఆగుతారు. నన్ను ఆపేది పిల్లలు తాళ్ళు వెతికిన ఘట్టం. చీకటి గోతిలో పడిన ప్రాణిని వెలుతురులోకి తేవాలన్నదే వాళ్ళకు తోచిన మొదటి ఆలోచన.

పారిస్‌కు వచ్చిన అతిథులు

గాలి మేసే ప్రాణి అన్న నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది పదిహేడో శతాబ్దపు పారిస్‌లో. లూవ్ర్ భవనపు స్తంభాల వరుసతో పేరు ముడిపడిన క్లాడ్ పెరో వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన 1669లో ఊసరవెల్లి, బీవర్, ఒంటె, ఎలుగుబంటి, జింకల శరీర నిర్మాణంపై ఒక గ్రంథం వెలువరించాడు. ఊసరవెల్లి పురుగులను తినే ప్రాణేనని తేల్చినవారిలో ఆయన ముఖ్యుడు.

1672లో నవలా రచయిత్రి మదలీన్ ద స్క్యుదెరీకి ఈజిప్టు నుంచి ఊసరవెల్లులు చేరాయి. ఆమె వాటిని ఇంట్లో పెంచి, గమనించి, ‘రెండు ఊసరవెల్లుల చరిత్ర’ అనే రచన చేసింది. అది 1688లో అచ్చయింది. కోసి చూడడానికి కాక, బతికించుకోవడానికి ఊసరవెల్లిని దగ్గర పెట్టుకొని రాసిన తొలి రచనల్లో ఇదొకటి. మధ్యధరా తీరపు ప్రాణికి పారిస్ చలికాలం ఎంత కఠినమో ఊహించవచ్చు. ఆ కాలపు మనిషికి దాని ఎండ కోరికలోని వెచ్చదనం అర్థమయ్యేది. వెచ్చదనం కాక ఎండలో ఇంకేదో ఉందన్న సంగతి తెలియడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది.

ఎండలో ఉన్న మందు

రికెట్స్‌ను 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ లండన్‌లో వివరంగా గ్రంథస్థం చేశాడు. పారిశ్రామిక విప్లవంతో పొగ కమ్మిన ఉత్తర ఐరోపా నగరాలలో అది పేద పిల్లల జబ్బయింది. నగర శిశువులను ఆరుబయట ఎండలో తిప్పమని పోలండ్ వైద్యుడు స్నియదెత్స్కీ 1822లోనే చెప్పాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1889లో లండన్ జంతుప్రదర్శనశాలలో సింహపు పిల్లలు రికెట్స్‌తో చనిపోతుంటే, సర్జన్ జాన్ బ్లాండ్ సటన్‌ను సలహా అడిగారు. ఎముకల్లేని మాంసం మీద పెరుగుతున్న ఆ పిల్లలకు ఆయన పాలు, దంచిన ఎముకలు, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టించాడు. కొన్ని నెలల్లో అవి కోలుకున్నాయి. కారణం తెలియకుండానే వైద్యం ఫలించిన సందర్భమిది. ఎముకలలో కాల్షియం, నూనెలో విటమిన్ డి ఉన్నాయి. విటమిన్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన ఆకలి చలికాలంలో, 1919 నాటికి, బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ పిల్లలకు పాదరసపు దీపంతో అతినీలలోహిత కిరణాలు పట్టించి నయం చేశాడు. ఒక చేతికే కిరణాలు తగిలించినా రెండో చేతి ఎముక కూడా గట్టిపడటం ఆయన చూశాడు. అంటే చర్మంలో తయారైనదేదో రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. అదే కాలంలో ఎడ్వర్డ్ మెలన్‌బీ ఇంగ్లండ్‌లో కుక్కపిల్లల మీద ప్రయోగాలతో ఆహారం పాత్రను నిరూపించాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ పదార్థాన్ని వేరుగా గుర్తించి, వరుసలో నాలుగోది కనుక డి అన్నాడు. ఆహారమా, ఎండా అన్న వాదం ముగిసింది. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

అదే 1922లో మన దేశం నుంచి ఒక ముఖ్యమైన అధ్యయనం వచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీలోని నాసిక్‌లో హచిసన్, షా అనే వైద్యులు, ఘోషా పాటించే సంపన్న కుటుంబాల పిల్లలలో రికెట్స్ ఉందనీ, తిండి తక్కువైనా ఎండలో తిరిగే పేద కుటుంబాల పిల్లలలో అది అరుదనీ చూపారు. లోపమున్నది సూర్యుడిలో కాదు, సూర్యుడికీ చర్మానికీ మధ్య నిలిచిన గోడలో.

రియాద్ వైరుధ్యం

అరవై ఏళ్ళ తర్వాత ఆ పాఠాన్ని రియాద్ మళ్ళీ చదివింది. ఆకాశంలో మబ్బు కనబడితే ముచ్చటగా చెప్పుకునే నగరమిది. 1982, 1983లలో వెలువడిన పరిశోధనలు ఇక్కడి ఆరోగ్యవంతులలో సైతం విటమిన్ డి తక్కువగా ఉందని తేల్చాయి. కారణాలు ఊహకు అందేవే. వేసవిలో నలభై అయిదు డిగ్రీలకు చేరే ఎండ నుంచి మనిషి పారిపోతాడు. ఒంటిని కప్పే దుస్తులు, ఏసీ గది నుంచి ఏసీ కారుకూ, కారు నుంచి కార్యాలయానికీ సాగే జీవితం ఆ దూరాన్ని పెంచాయి. ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. నడుంనొప్పి, ఒళ్ళునొప్పులు అంటూ వచ్చే గృహిణుల రక్తపరీక్షలలో ఇది నాకు నిత్యం కనిపించేదే.

అసీర్, యెమెన్ కొండల ఊసరవెల్లి శాస్త్రనామం కమీలియో కలిప్‌ట్రాటస్, అంటే ముసుగు వేసినది. తల మీది ఎత్తైన శిఖను చూసి 1851లో పారిస్ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. ప్రపంచంలో ఇళ్ళలో ఎక్కువగా పెంచే ఊసరవెల్లులలో ఇదొకటి. నాకు తెలిసిన ఒక తెలుగు ఇంట్లో పిల్లవాడు ముచ్చటపడి పెంచుకున్న ఆరునెలల ఊసరవెల్లి మేత మానేసింది. ముంజేతులు విల్లులా వంగాయి. కింది దవడ రబ్బరులా మెత్తబడింది. పురుగు మీదికి నాలుక విసరలేకపోతోంది. “ఎండ పడే కిటికీ దగ్గరే పెట్టాం కదా డాక్టరుగారూ!” అంది పిల్లవాడి తల్లి. చిక్కంతా ఆ కిటికీలోనే ఉంది. అద్దం వెలుతురునూ వేడినీ రానిస్తుంది. చర్మంలో విటమిన్ డిని పుట్టించే 290–315 నానోమీటర్ల కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

దానికి వైద్యం చేసింది పశువైద్యుడు. ఎక్స్‌రేలో ఎముకలు నీడల్లా పలచగా కనిపించాయి. మేతగా వేసే కీచురాళ్ళలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచి దాన్ని తోడి రక్తానికి పంపుతుంది. ఇల్లు నిలబెట్టడానికి పునాదిరాళ్ళు పీకినట్టే. అందుకే వైద్యం మూడు వైపుల నుంచి సాగింది. కాల్షియం ద్రవం నోట్లో చుక్కలుగా వేశారు, కీచురాళ్ళకు కాల్షియం పొడి అద్దారు. అతినీలలోహిత దీపం అమర్చి, వాతావరణం అనుకూలించిన పూట బాల్కనీలో, సగం నీడ పడే వలపంజరంలో ఉంచారు. కొమ్మలను కిందికి దించారు, పడినా ఎముక విరగకుండా. నిలవ నీళ్ళను ఊసరవెల్లి సాధారణంగా గుర్తించదు, ఆకు మీది చుక్కనే తాగుతుంది. కనుక రోజుకు పలుమార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరించారు. విటమిన్ డిని మాత్రం వైద్యుడు కొలిచి, పొదుపుగా ఇచ్చాడు. అది ఎక్కువైతే మూత్రపిండాలలో, రక్తనాళాలలో సున్నం పేరుకుంటుంది.

మూడు వారాలకు పట్టు తిరిగి వచ్చింది. రెండు నెలలకు నాలుక గురి కుదిరింది. వంగిన ముంజేతులు మాత్రం వంగినట్టే గట్టిపడ్డాయి. బాల్యంలో రికెట్స్ వచ్చి నయమైన మనుషుల దొడ్డికాళ్ళు కొన్ని జీవితాంతం మిగిలిపోయినట్టే. ఆ నెలల్లోనే తల్లికి చేయించిన పరీక్షలోనూ విటమిన్ డి బాగా తక్కువగా వచ్చింది. ఒకే కిటికీ వెనక ఇద్దరు రోగులు.

చర్మానికి తెలిసిన లెక్క

2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం పాత అరబ్బీ పరిశీలనకు కొత్త అర్థం ఇచ్చింది. కార్‌స్టెన్, ఫెర్గూసన్, చెన్, హాలిక్ అనే పరిశోధకులు మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లులకు వేర్వేరు మోతాదులలో విటమిన్ డి ఉన్న మేత పెట్టి చూశారు. మేతలో అది తక్కువైనవి ఆరుబయట అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా కోరుకున్నాయి. మేతలో చాలినంత అందినవి తక్కువ సేపే కాచుకున్నాయి. ఎండ కాచుకోవడం వెచ్చదనం కోసమే కాదు, ఎముక కోసం కూడా. ఎంత కావాలో అంతే తీసుకునే తూకం ఆ ప్రాణికి పుట్టుకతో వచ్చింది.

మనిషికి ఆ తూకం అంతగా లేదు. లోపం ముదిరి నొప్పి పుట్టేదాకా మన ఒళ్ళు ఎండను అడగదు. కనుక లెక్క మనమే వేసుకోవాలి. 2013లో రియాద్ ఎండపై వచ్చిన ఒక పరిశోధన, చర్మంలో విటమిన్ డి తయారీకి వేసవిలో ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర లోపు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా, శీతాకాలంలో పది నుంచి రెండు దాకా అనువైన వేళలని చెప్పింది. తెల్లవారుజామున పార్కులో చేసే నడక గుండెకు మంచిదే. ఎముకకు కావలసిన కిరణాలు ఆ వేళకు ఇంకా నేలకు చేరవు.

ప్లినీ కాలంలో మనిషి ఊసరవెల్లి కాలేయంలో, నాలుకలో మందు వెతికాడు. అది అక్కడ లేదు. ఆ ప్రాణి రోజంతా ముఖం తిప్పి చూస్తున్న దిక్కున ఉంది. అద్దం తెరిచి, కొద్దిసేపు చేతులూ ముఖమూ ఎండకు చూపగలిగితే దాన్ని అందుకోవచ్చు. ఎండ తగిలే వీలు లేనివారికి వైద్యుడు కొలిచి ఇచ్చే మాత్ర ఉంది.