మైదుకూరు పురపాలక పీఠం (2021): వార్డు ఓటు, పదవిరీత్యా ఓటు

రాయలసీమ స్థానిక రాజకీయ చరిత్రకారునికి ఆధారాల విషయంలో ఒక చిక్కు ఉంది. మంత్రాలయం వంటి గ్రామ పంచాయతీలలో సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరుగుతుంది. గెలుపు ఏ పక్షానిదో గెలిచినవారి మాటను బట్టి ఊహించవలసిందే. పురపాలక సంఘాలలో గుర్తులుంటాయి, లెక్క తేలుతుంది. అయినా పీఠం ఎవరిదో ఆ లెక్క ఒక్కటే చెప్పదనడానికి కడప జిల్లా మైదుకూరు నిదర్శనం.

2021 మార్చి పురపాలక ఎన్నికలలో రాష్ట్రమంతటా వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభంజనం వీచింది. ఆ పార్టీ అధినేత సొంత జిల్లాలోని మైదుకూరులో మాత్రం 24 వార్డులకు తెలుగుదేశం 12, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 11, జనసేన 1 గెలుచుకొన్నాయి. మార్చి 18న అధ్యక్ష పీఠం వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు దక్కింది. శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని పదవిరీత్యా ఓట్లు అందుకు అక్కరకు వచ్చాయి. అనంతపురం జిల్లా తాడిపత్రిలో 36 వార్డులకు తెలుగుదేశం 18, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 16 గెలిచాయి, అక్కడ సి.పి.ఐ. సభ్యుడు, ఒక స్వతంత్రుడు తెలుగుదేశం పక్షాన నిలవడంతో పదవిరీత్యా ఓట్లు చాలలేదు.

1987లో పురపాలక అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకొన్నారు. 2005 నాటికి ఆ అధికారం సభ్యులకు మారింది. పదవిరీత్యా ఓటుకు బరువు పెరిగింది ఇక్కడే. స్థానిక సంస్థకూ ప్రభుత్వానికీ సమన్వయం కోసమే ఆ ఓటన్న సమర్థన ఉన్నది కాని, మైదుకూరులో జరిగినది వేరు: 2019 సార్వత్రిక ఎన్నికల తీర్పు 2021 వార్డుల తీర్పుపై పైచేయి సాధించింది.

2024లో మైదుకూరు శాసనసభ స్థానం తెలుగుదేశానిదయింది; కడప లోక్‌సభ స్థానం వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ వద్దే నిలిచింది.