ఎర్రమంచి చేలల్లో కొరియా బండి

మా పెనుకొండకు బయటివాళ్ల రాక కొత్త కాదు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక తిరుమల రాయలు విజయనగరం విడిచి ఇక్కడే కాలూనాడు. రాజధాని చంద్రగిరికి తరలిపోయాక మాకు మిగిలినవి గగన్ మహల్, కోట గోడలు, శెనక్కాయ చేలు. వాన పడితే పంట, లేకుంటే బెంగళూరు బస్సు.

2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో రాష్ట్ర ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, ఏటా 3 లక్షల కార్లు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది, సరే. కరువు సీమలో నీళ్లో? 2016 చివర్లోనే హంద్రీ-నీవా కాలువ కృష్ణా నీళ్లను గొల్లపల్లి రిజర్వాయరుకు చేర్చింది. కారుకు దొరికిన నీళ్లు చేనుకెప్పుడని మా పెద్దలు ఇప్పటికీ దెప్పుతుంటారు.

2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. 2023 జూలైకి పది లక్షలవ కారు.

అయితే ఈ కంపెనీ పెళ్లివారిలా చుట్టాలను వెంటబెట్టుకొచ్చింది. విడిభాగాలు చేసే కొరియా కంపెనీలు చుట్టుపక్కలే షెడ్లు వేసుకున్నాయి. హోటళ్ల బోర్డుల మీద కొరియా అక్షరాలు వెలిశాయి. మాకూ కాస్త పని దక్కుతుందని మా వీధి లేత్ మేస్త్రీ కొత్త బోర్డు రాయించాడు. బోరు మోటార్లు, ట్రాక్టర్ రాడ్లు బాగుచేసిన చెయ్యి. ఒక బుష్షు నున్నగా తిప్పి, గుడ్డలో చుట్టి ఒక విడిభాగాల కంపెనీకి పట్టుకుపోయాడు. అక్కడి ఇంజనీరు కొలిచి చూశాడు, బాగుందన్నాడు. సర్టిఫికెట్ ఉందా, ఒకటే కొలతతో వేల ముక్కలు ఇవ్వగలవా అని అడిగాడు. ఉన్నది ఒకటే లేత్.

పోటీలో ఓడిపోయాడనలేం, అసలు బరిలోకే దిగలేదు. దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లూ యూనిఫాం తొడుక్కుని షిఫ్టు బస్సెక్కారు. వాళ్లను తప్పుపట్టలేను. నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో పడుతుందంటే, ఈ ఊళ్లో అదేమీ చిన్న మాట కాదు. కానీ బోరు మోటారు చెడితే రైతు ఇప్పుడు హిందూపురం దాకా మోసుకెళ్తున్నాడు.

మేస్త్రీకి నష్టమేమీ రాలేదండోయ్! మేడ మీద గదులు కంపెనీ మనుషులకు అద్దెకిచ్చాడు. లేత్ కంటే అదే ఎక్కువ తెస్తోంది. ఆ బుష్షు ఆయన బల్ల మీదే ఉంది, అద్దె రసీదులు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా.