అరుగుల మీద తేలిన ఆట నియమాలు

కొత్త ఆటను రూపొందించడం, దాన్ని పదిమందితో పదేపదే ఆడించి లోపాలు దిద్దడం కంప్యూటర్లతో వచ్చిన విద్య అని చాలామంది అనుకుంటారు. కృష్ణా డెల్టా పల్లెల్లో రచ్చబండల మీద, గుడి మండపాల్లో, ఇంటి అరుగుల మీద సుద్దతో, బొగ్గుతో గీసుకున్న గళ్ళు వేరే సంగతి చెబుతాయి. కర్త పేరు తెలియని ఆ ఆటలను ఆడినవాళ్ళే తరతరాలుగా పరీక్షించి సరిచేశారని నా వాదన. అవి డెల్టాలోనే పుట్టాయని కాదు, దక్షిణాదంతా ఉన్నాయి. ఆట పుట్టడం వేరు, పదునెక్కడం వేరు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఇక్కడి సేద్యం కాలువల లెక్కన నడిచింది. కాలువలు కట్టేసిన వేసవిలో దొరికే తీరిక ఆటకు పదును పెట్టడానికి అనువైన కాలం.

పులిజూదమే చూడండి. కొనలో ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 స్థానాలు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. మేకలు మొదటినుంచీ కదలగలిగితే పులులకు ఊపిరాడదు. అన్నీ ఒకేసారి దిగితే పులి మేక మీదుగా దూకడానికి చోటు అరుదు. బలం ఉన్న పక్షానికి సంఖ్య తగ్గించి, బలం లేని పక్షానికి ఓపికను ఆయుధంగా ఇచ్చిన ఏర్పాటు ఇది. నేపాల్ బాఘ్‌చాల్‌లో పలక వేరు, స్థానాలు 25; నాలుగు పులులు, ఇరవై మేకలు. అక్కడా పులికి అయిదు మేకలే. ఒకచోటినుంచి ఇంకోచోటికి పాకిందే అనుకున్నా, పలక మారినచోట నిష్పత్తి నిలిచిందంటే దాన్ని ఆడి చూసి నిలుపుకున్నారనుకోవడమే సబబు.

అష్టాచెమ్మాలో ఈ నేర్పు ఇంకా సూక్ష్మం. ఒక వైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు వేస్తే పదహారు రకాలుగా పడతాయి. రెండు వైపులా సమంగా పడతాయనుకుంటే అందులో ఆరుసార్లు రెండు, నాలుగేసిసార్లు ఒకటి, మూడు, ఒక్కోసారి నాలుగు (చెమ్మా), ఎనిమిది (అష్టా). అరుదైన ఆ చెమ్మాకు, అష్టాకు మళ్ళీ వేసే అవకాశం. పచ్చీసు నుంచి వచ్చి 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడోలో పాచిక ఆరు ముఖాలకూ ఒకటే అవకాశం. అష్టాచెమ్మాలో మాత్రం తరచూ పడేదేదో ఎరిగి కాయ నడపాలి. పైగా ఎదుటివాడి కాయను చంపితేనే లోపలి గళ్ళలోకి ప్రవేశం అనే నియమం చాలాచోట్ల ఉంది. అది లేకపోతే జాగ్రత్తపరుడు కాయను చంపకూడని కట్టె గళ్ళలో దాక్కుంటూనే కాయలన్నీ పండించుకుంటాడు.

నియమాలు ఊరికో తీరుగా ఉండటం మరపువల్లే తప్ప పరీక్షవల్ల కాదని ఎవరైనా అనవచ్చు. మరపే అయితే తేడాలు ఎక్కడపడితే అక్కడ ఉండాలి. కానీ అవి ఎన్ని మేకలు పోతే ఓటమి, చంపకుండా లోపలికి వెళ్ళవచ్చా అన్నచోటే, అంటే గెలుపు తేలే కీలకం దగ్గరే పోగవుతాయి. ఆటకు ముందు ‘మన లెక్క ఇది’ అని ఒప్పుకోవడమే ఆ పరీక్షకు నాంది. బతికిన ఆటలన్నీ బాగున్నట్టేనా అంటే, కాదు. వైకుంఠపాళిలో ఆటగాడు ఎంచుకునేదేమీ లేదు. జాగారం రాత్రుల్లో భక్తే దాన్ని నిలబెట్టింది. అందుకే ప్రాచీనతను కాక నియమాన్నే సాక్ష్యంగా తీసుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మన ఆటలను చరిత్రలోకి తెచ్చింది. ఊరూరి నియమాలను నమోదు చేసే పని మిగిలింది. విజయవాడలో ఆటల రూపకల్పన నేర్చుకునే విద్యార్థి ముందుగా ఒక మేకను తగ్గించి పులిజూదం ఆడించాలి, ఏ పక్షం కుంగిందో రాసుకోవాలి, ఆపైన పెద్దల దగ్గర వాళ్ళ ఊరి లెక్క అడగాలి. ఈ విద్యకు అంతకన్నా మంచి తొలిపాఠం లేదు.