రహస్యం ఎవరిని కాపాడింది?

2003లో కాథరీన్ గన్ బ్రిటన్ నిఘా సంస్థలో చైనీస్ అనువాదకురాలు. ఇరాక్ యుద్ధానికి ఓట్లు కూడగట్టడానికి భద్రతామండలి సభ్యదేశాల ప్రతినిధుల మాటలు చాటుగా వినాలని, అందుకు సాయపడమని అమెరికా పంపిన ఈ-మెయిల్‌ను ఆమె బయటపెట్టింది. మార్చి 2న అబ్జర్వర్ పత్రిక దాన్ని ప్రచురించింది. 20న యుద్ధం మొదలైంది. ఆమె ఉద్యోగం పోయింది, అధికార రహస్యాల చట్టం కింద కేసు పడింది. యుద్ధం చట్టబద్ధమా అన్న విషయంలో ప్రభుత్వానికి అందిన న్యాయసలహాను చూపమని ఆమె న్యాయవాదులు అడిగారు. 2004 ఫిబ్రవరి 25న ప్రాసిక్యూషన్ సాక్ష్యమేదీ పెట్టకుండానే కేసు వదులుకుంది.

శాంతిమార్గాలన్నీ ప్రయత్నించకముందే బ్రిటన్ యుద్ధానికి దిగిందని 2016లో చిల్కాట్ నివేదిక తేల్చింది. ఆ నిర్ణయం చేసినవారెవరూ బోనెక్కలేదు. యుద్ధం ఆగలేదు కాబట్టి ఆమె ఓడిపోయిందని నేననుకోను. ఆ రహస్యం దేశాన్ని కాపాడటానికా, పాలకులను కాపాడటానికా? ఈ ప్రశ్నను కోర్టు గుమ్మం దాకా తెచ్చింది ఆమే. జవాబు చెప్పాల్సినవారే తప్పుకున్నారు.